వార్తకు వెల ఎంత?



టెలివిజన్‌లో మీరు చూసే వార్తలకు డబ్బు ఎక్కడినుండి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? అమెరికాలో జరిగిన ఒక సంఘటన చెబుతాను, వినండి.

ఆ దేశంలో సి.బి.ఎస్., ఎన్.బి.సి., ఎ.బి.సి. అనే మూడు సంస్థలు చాలాకాలం టెలివిజన్ రంగాన్ని ఏలాయి. వాటికి ముఖ్యమైన రాబడి వ్యాపార ప్రకటనలే. 1966 ఫిబ్రవరి 10న వియత్నాం యుద్ధాన్ని గురించి సెనేట్ సంఘం ముందు మాజీ రాయబారి జార్జి కెన్నన్ సాక్ష్యమిచ్చాడు. ఎన్.బి.సి. దానిని ప్రసారం చేసింది. విచారణ చూపితే ప్రకటనల సొమ్ము పోతుంది. అందుచేత సి.బి.ఎస్. ఆ సమయంలో ఒక పాత హాస్య నాటికను మళ్ళీ వేసింది. ఆ సంస్థ వార్తా విభాగాధిపతి ఫ్రెడ్ ఫ్రెండ్లీ నిరసనగా పదవినే వదులుకున్నాడు. తరువాత ప్రజా టెలివిజన్ కోసం కృషి చేశాడు.

1980లో సి.ఎన్.ఎన్. రాత్రింబగళ్ళు వార్తలు చెప్పసాగింది. పాత సంస్థల ప్రేక్షకులు తగ్గారు. 1986 నాటికి ఆ మూడూ కొత్త యాజమాన్యాల చేతికి వచ్చాయి. ఖర్చు తగ్గించాలన్నారు. 1987లో సి.బి.ఎస్. వార్తా విభాగంలో 200 మందికి పైగా ఉద్యోగాలు కోల్పోయారు. ఆపై ఇంటర్నెట్ వచ్చి ప్రకటనలను మరింత లాగుకొన్నది.

యజమానులను నిందించటం తేలిక. కాని సాధారణంగా వినోదాన్ని కోరేవారు ఎక్కువ, విచారణలను కోరేవారు తక్కువ. ప్రకటనదారుడు జనం ఉన్నచోటికే పోతాడు. విలేకరి లేని ఊరి కష్టం లోకానికి ఎట్లా తెలుస్తుంది? కనుక, విద్యార్థులారా, వినోదంతో పాటు వార్తకూ రోజూ కొంత సమయం ఇవ్వండి.