చనుబాల ఆయత్‌లో తండ్రి బాధ్యత



సూరా అల్ బఖరాలోని 233వ ఆయత్ తల్లిపాలను గురించినది. తల్లి రెండేళ్లు పాలివ్వడంతో మొదలవుతుంది కనుక, అది స్త్రీల విషయమని భావించి మనం దాటిపోతుంటాము. కాని వెంటనే మాట తండ్రివైపు తిరుగుతుంది. ఆ తల్లికి అన్నవస్త్రాలు ధర్మయుక్తంగా సమకూర్చే భారం అతనిది. బిడ్డ మూలంగా తల్లికి గాని, తండ్రికి గాని నష్టం కలగరాదు. ముందుగా పాలు మాన్పించదలిస్తే ఇరువురూ సంప్రదించుకుని, ఇష్టపడి మాన్పించాలి. ఆ సంప్రదింపునకు అక్కడ వాడిన పదం తషావుర్. షూరా అనే మాటకూ అదే ధాతువు. ఇక, విషయం తెలియనివాడు ఆ సంప్రదింపులో ఏ ముఖంతో కూర్చోగలడు?

కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన సిండీ లీ డెన్నిస్ అనే ఆచార్యురాలు, పాలివ్వగలమన్న నమ్మకం తల్లులలో ఎంత ఉన్నదో కొలిచేందుకు ఒక ప్రశ్నావళిని రూపొందించారు. నమ్మకం తక్కువగా ఉన్న తల్లులు త్వరగా పాలు మానివేస్తారని దానివలన తెలిసింది. తరువాత ఆ 14 ప్రశ్నలనే తండ్రులకు అనువుగా మార్చి, 2018లో ప్రచురించారు. ఒక్కొక్క దానికి 1 నుండి 5 వరకు గుర్తులు, మొత్తం 70. భార్యాబిడ్డలపై ప్రేమ ఎంత అని అందులో అడగరు. బిడ్డకు పాలు చాలుతున్నవో లేదో తెలుసుకోగలవా, డబ్బాపాలు లేకుండా గడిచేలా ఆమెకు తోడ్పడగలవా అన్న తీరులో అడుగుతారు.

మన అనంతపురం ఇళ్లలో ఈ ప్రశ్నలు వేస్తే ఎన్ని గుర్తులు వస్తాయి? తొలి కాన్పు పుట్టింట. తండ్రి వస్తాడు, బిడ్డ చెవిలో అజాన్ పలుకుతాడు, వెళ్లిపోతాడు. ఏడవనాడు అఖీఖాకు మళ్లీ కనిపిస్తాడు. సంతలో పొట్టేలు పళ్లు చూసి వయస్సు చెప్పడంలో మనకు పూర్తి గుర్తులు వేయవచ్చు! వానలు తప్పి, వేరుశనగ ఎండిపోయిన ఏట బెంగళూరు పనులకు పోయినవాడు చిల్లా నలభై దినాలూ ఇంటి ముఖమే చూడడు. ఇంతలో ఇంట ఎవరో ఒకరు పాలు చాలడం లేదంటారు. బిడ్డ ఏడుస్తుంది. ఫోనులో ఆ మాట విన్న తండ్రి భయపడి, డబ్బా కొనండి అంటాడు. అతని వద్ద జ్ఞానం లేదు, కూలి డబ్బు మాత్రమే ఉన్నది. ఆ డబ్బు కూడా డబ్బాకే పోతుంది.

అక్కడినుండే కీడు మొదలు. బిడ్డ చప్పరించిన కొద్దీ పాలు ఊరుతాయి. సీసా పట్టిన కొద్దీ తగ్గిపోతాయి. ట్యాంకరు నీటితో, సరిగా కడగని సీసాతో కలిపిన పాలు విరేచనాలకు దారి తీస్తాయి. ఎండ మండుతున్నదని బిడ్డకు నీళ్లు పట్టేవారున్నారు. తల్లిపాలలో అధికభాగం నీరే. ఆరు నెలలు నిండేవరకు వేసవిలో సైతం వేరే నీరు అవసరం లేదని వైద్యులు స్పష్టంగా చెబుతున్నారు. నీళ్లు తాగవలసినది తల్లి. బిందెలు మోసి, అందరికీ పెట్టి, తాను చివర తాగే అలవాటు బాలింతకు తగదు. ముర్రుపాలు పిండి పారబోయడం, ఘుట్టీ పేరుతో తేనె నాకించడం కూడా మానుకోవాలి. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రాణాపాయం కాగలదు.

మరి పాలు చాలుతున్నవని తండ్రి ఎలా తెలుసుకోవాలి? మొదటి రోజు బిడ్డకు కావలసినవి చెంచాల లెక్కే. పాలు నిండుగా పడడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అయిదో రోజు దాటిన తరువాత రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్లే. తడిసిన గుడ్డలు లెక్కించడం తండ్రి చేయగల పని. బెంగళూరు నుండి ఫోనులోనూ అడగవచ్చు. లెక్క తక్కువైతే, లేక బిడ్డ మందంగా ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. అనారోగ్యం చేత పాలివ్వలేని తల్లిని నిందించే హక్కు ఎవరికీ లేదు. వేరొక స్త్రీచేత పాలు ఇప్పించుకోవడానికి సైతం అదే ఆయత్ అనుమతినిచ్చింది.

హలీమా సాదియా (రజియల్లాహు అన్హా) మక్కాకు వచ్చినది కూడా కరవు సంవత్సరమే. ఆమె వద్ద పాలు లేవు, సొంత బిడ్డ ఆకలితో రాత్రంతా ఏడ్చేవాడు. తండ్రి లేని శిశువును తీసుకోవాలా వద్దా అన్నది ఆమె భర్త హారిస్‌తో చర్చించింది. అతడు నిరుత్సాహపరచలేదు. అల్లాహ్ శుభం కలిగించవచ్చునని ధైర్యం చెప్పాడు. ఆ రాత్రి పిల్లలిద్దరూ కడుపునిండా తాగారు. సీరత్ గ్రంథాలలోని తరువాతి సంగతిని మనం తరచుగా విస్మరిస్తాము: హారిస్ లేచి ముసలి ఒంటె వద్దకు వెళ్లాడు. పొదుగు నిండి ఉన్నది. పాలు పితికి తాను తాగాడు, పాలిచ్చే భార్యకూ కడుపునిండా తాగించాడు.

పెద్దవారు డబ్బా తెమ్మన్నప్పుడు తల్లి మాటను తోసివేయడమెలా అని కొందరు యువకులు మమ్మల్ని అడుగుతుంటారు. వాదించకండి. అమ్మీ, డాక్టరుకు చూపించి అప్పుడు ఆలోచిద్దామని మర్యాదగా చెప్పండి. ఆ ఒక్క మాట మీరు అనకపోతే, కాన్పు నొప్పులింకా తీరని కోడలు అనలేదు.

నమాజు అనంతరం, ఇంట గర్భవతి గాని, బాలింత గాని ఉన్న సోదరులు కాసేపు ఆగండి. బయటి ఊళ్లలో ఉన్న కొడుకుల, అల్లుళ్ల తరఫున పెద్దలూ ఆగవచ్చు.