చచ్చిపోయిన ప్రాసెసర్‌తో కాదు, అబద్ధం చెప్పే ప్రాసెసర్‌తోనే అసలు గొడవ

ఈ ఎపిసోడ్ వైజాగ్ ఫిషింగ్ హార్బర్ నుంచి. వెనకాల బోట్ ఇంజిన్ల సౌండ్ వస్తుంది, కాస్త సర్దుకోండి. సర్వర్ల గురించి చెప్పడానికి చేపల రేవుకి ఎందుకొచ్చావ్ బ్రో అంటారా? రెండు కారణాలున్నాయి.

ఒకటి, 2025 అక్టోబర్ 14న గూగుల్ మన వైజాగ్‌లో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్ల పెట్టుబడి, గిగావాట్ స్థాయి డేటా సెంటర్లు, సముద్రం అడుగు నుంచి వచ్చి ఈ తీరంలోనే ఒడ్డెక్కే ఇంటర్నెట్ కేబుళ్లు. ఆ వార్త వచ్చాక కామెంట్లలో ఒకటే ప్రశ్న. "అన్నా, డేటా సెంటర్‌లో అసలు పనేంటి? పాడైన పార్ట్ తీసేసి కొత్తది పెట్టడమేనా?"

రెండో కారణం ఈ బోట్లే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కదా. ఆ రెండు నెలల్లోనే ఇంజిన్ విప్పడం, చెక్కలు మార్చడం, రంగులెయ్యడం అన్నీ కానిచ్చేస్తారు. సర్వర్లకి అలాంటి సెలవు లేదు. అర్ధరాత్రి రెండింటికి మీరు ఫోన్‌పే కొట్టినా సిస్టమ్ పలకాలి. అంటే వేట ఆపకుండా ఇంజిన్ మార్చాలన్నమాట. అందులో ఒక్క పార్ట్ తీసుకుందాం ఇవాళ. ప్రాసెసర్.

ఫస్ట్, ప్రాసెసర్ పోయిందని ఎలా తెలుస్తుంది? సర్వర్ మదర్‌బోర్డ్ మీద బిఎంసి అని ఒక బుల్లి కంప్యూటర్ విడిగా ఉంటుంది. మెయిన్ మెషీన్ క్రాష్ అయినా అది మేలుకునే ఉంటుంది. ఎక్కడ ఏ ఎర్రర్ వచ్చిందో లాగ్ రాస్తుంది. దాంట్లో "సిపియు 2, మెషీన్ చెక్ ఎర్రర్" అని కనిపించింది అనుకోండి. వెంటనే సిపియు 2 ఆర్డర్ పెట్టేస్తారా? ఆగండి.

ఈ కాలం ప్రాసెసర్లలో మెమరీ కంట్రోలర్ కూడా లోపలే ఉంటుంది. కాబట్టి ర్యామ్ స్టిక్ పాడైనా, సాకెట్‌లో ఒక్క పిన్ వంగినా, లాగ్‌లో పేరు మాత్రం ప్రాసెసర్‌దే వచ్చే ఛాన్స్ ఉంది. తప్పు ఒకడిది, కేసు ఇంకొకడి మీద.

అందుకే ఫీల్డ్ ఇంజినీర్లు ఒక పాత చిట్కా వాడతారు. రెండు సాకెట్ల సర్వర్ అయితే ప్రాసెసర్లని అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూస్తారు. ఎర్రర్ చిప్‌తో పాటు రెండో సాకెట్‌కి వెళ్లిందా, చిప్‌దే తప్పు. ఎర్రర్ పాత సాకెట్ దగ్గరే ఉండిపోయిందా, బోర్డో ర్యామో చూసుకోవాలి. ఈ ఒక్క టెస్ట్ చెయ్యకపోతే లక్షల ఖరీదు చిప్ మార్చాక కూడా అదే ఎర్రర్ మళ్లీ పలకరిస్తుంది.

సరే, చిప్‌దే తప్పని తేలింది. ఇక చేతి పని.

ముందు ఆ సర్వర్ మీద నడుస్తున్న పనులన్నీ పక్క సర్వర్లకి తరలించాలి. దీన్ని డ్రెయిన్ చెయ్యడం అంటారు. ఆ తర్వాతే పవర్ ఆఫ్. సర్వర్‌కి మామూలుగా రెండు పవర్ సప్లైలు ఉంటాయి, రెండు కేబుళ్లూ పీకాలి. మణికట్టుకి స్టాటిక్ కరెంట్‌ని లాగేసే పట్టీ కట్టుకోవాలి. మీ ఒంటి మీద మీకు తెలియకుండా ఉన్న స్టాటిక్ చాలు, చిప్ కాలిపోవడానికి.

హీట్‌సింక్ స్క్రూలు ఇష్టమొచ్చినట్టు విప్పకూడదు. వరుస నంబర్లు దాని మీదే ఉంటాయి. బిగించేటప్పుడు టార్క్ స్క్రూడ్రైవర్ వాడాలి. వదులైతే కొన్ని పిన్లు చిప్‌కి సరిగా తగలవు, ఒక మెమరీ ఛానెల్ మాయమైపోతుంది. మరీ బిగిస్తే బోర్డ్‌కే దెబ్బ.

అన్నిటికంటే జాగ్రత్త సాకెట్ దగ్గర. సర్వర్ ప్రాసెసర్లలో పిన్లు చిప్‌కి ఉండవు, సాకెట్‌లో ఉంటాయి. ఇంటెల్ నాలుగో తరం జియాన్‌కి 4677 కాంటాక్ట్‌లు, ఏఎండి ఎపిక్ ఎస్‌పి5 సాకెట్‌కి 6096. వెంట్రుకలంత సన్నవి. చిప్ చేజారి దాని మీద పడిందంటే ప్రాసెసర్ సమస్య కాస్తా మదర్‌బోర్డ్ సమస్య అయిపోతుంది.

పాత థర్మల్ పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది వెయ్యాలి. ఇంకో తిరకాసు ఉంది. కొన్ని ఎపిక్ చిప్‌లు మొదటిసారి ఒక కంపెనీ బోర్డ్‌లో స్టార్ట్ అయ్యాక, సెక్యూరిటీ కోసం ఆ కంపెనీకే లాక్ అయిపోతాయి. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని కొని వేరే కంపెనీ సర్వర్‌లో పెడితే బూట్ అవ్వదు.

పెట్టాక బయోస్ అప్‌డేట్ చూడాలి, కోర్లన్నీ ర్యామ్ అంతా కనిపిస్తున్నాయో లేదో లెక్క పెట్టాలి, కొన్ని గంటలు ఫుల్ లోడ్ మీద నడిపించాలి. అప్పుడే మళ్లీ పనిలోకి.

ఇంతేనా అంటే, ఇది ఈజీ పార్ట్. పోయిందని చెప్పి పోయిన ప్రాసెసర్ కథ ఇది.

ఇక్కడ జెట్టీ దగ్గర ఇంజిన్ పని చేసే ఒక పెద్దాయన్ని అడిగా. "బాబాయ్, అసలు స్టార్ట్ అవ్వని ఇంజిన్‌తో కష్టమా, అప్పుడప్పుడు మొరాయించేదానితో కష్టమా?"

"ఆగిపోయిందనుకో, ఏటుంది బాబూ, ఇప్పి చూస్తాం. ఒడ్డున బాగా తిరిగి, లోపలికెళ్లాక ఏషాలేసేదుందే, అదే సంపేత్తాది" అన్నాడు.

డేటా సెంటర్‌లో కూడా సరిగ్గా ఇదే. 2021లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు ఒక పేపర్ రాశారు. వాళ్ల సిస్టమ్‌లో కొన్ని ఫైళ్లు మాయమవుతున్నాయి. క్రాష్ లేదు, ఎర్రర్ లాగ్ లేదు. తవ్వుకుంటూ పోతే ఒక్క మెషీన్, అందులో ఒక్క కోర్, 59వ నంబర్ కోర్ దగ్గర తేలింది. 1.1ని 53 సార్లు హెచ్చిస్తే పూర్ణాంకంలో 156 రావాలి. ఆ కోర్ సున్నా అంటోంది. 52 సార్లు హెచ్చిస్తే మాత్రం 142 అని కరెక్ట్‌గా చెబుతోంది! ఫైల్ సైజు లెక్కలో ఆ సున్నా వచ్చేసరికి, ఫైల్ ఖాళీగా ఉందనుకుని ప్రోగ్రామ్ దాన్ని వదిలేసింది. డేటా పోయింది, అలారం మోగలేదు.

అదే ఏడాది గూగుల్ వాళ్లు కూడా రాశారు. కొన్ని వేల మెషీన్లకి కొన్ని చొప్పున ఇలాంటి కోర్లు దొరుకుతున్నాయట. వాళ్లు చెప్పిన ఒక ఉదాహరణ వింటే నిద్ర పట్టదు. ఒక కోర్ డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, తప్పుగా. అదే కోర్ మీద డీక్రిప్ట్ చేస్తే మళ్లీ తప్పుగానే చేసి, అసలు డేటా వచ్చేస్తుంది. అంతా బాగున్నట్టే ఉంటుంది. వేరే మెషీన్‌లో తెరిస్తే మాత్రం చెత్త. దొంగ తనకి తానే సాక్ష్యం చెప్పుకున్నట్టు.

ఎందుకిలా? తయారీలో ఫ్యాక్టరీ టెస్ట్‌కి దొరకని చిన్న లోపం, లేదా వాడగా వాడగా అరిగిపోవడం. ఒక ప్రత్యేకమైన వేడి, వోల్టేజ్, స్పీడ్ కలిస్తేనే బయటపడుతుంది. మీరు టెస్ట్ చేసేటప్పుడు బుద్ధిమంతుడిలా పాస్ అయిపోతుంది.

మరి ఎలా పట్టుకుంటారు? ఫేస్‌బుక్ పేరెంట్ కంపెనీ మెటా రెండు పద్ధతులు చెప్పింది. ఒకటి, మెషీన్ మెయింటెనెన్స్‌కి వచ్చినప్పుడు పట్టి పెద్ద పరీక్షలు పెట్టడం. మన వేట నిషేధంలో బోట్‌ని ఒడ్డుకి లాగి చూసినట్టు. రెండోది, అసలు పని నడుస్తుండగానే మధ్యమధ్యలో మిల్లీసెకన్ల చిన్న లెక్కలు ఇచ్చి జవాబు సరిచూడటం.

"ఒక లెక్క తప్పితే ఏమైంది లే" అనుకోకండి. ఇదే హార్బర్‌లో బోట్లు బయల్దేరే ముందు చూసుకునే సమాచారం ఎక్కడిది? హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. సముద్రం ఉపరితల వేడి, నీటిలో పచ్చదనం శాటిలైట్ల నుంచి తీసుకుని, చేపలు ఎటు ఉండొచ్చో చెబుతుంది. అలలు ఎంత ఎత్తు లేస్తాయో కూడా చెబుతుంది. అదంతా ఎక్కడో ఒక ప్రాసెసర్ వేసే లెక్కే. అక్కడ తప్పు జరిగిందని నేను అనట్లేదు. ఆ నంబర్‌ని నమ్మి మనుషులు నీళ్ల మీదకి వెళ్తున్నారు అంటున్నా. బ్యాంక్ బ్యాలెన్స్, స్కానింగ్ రిపోర్ట్, తుఫాను హెచ్చరిక, అన్నీ అంతే.

కాబట్టి కామెంట్లలో అడిగిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నా జవాబు ఇది. డేటా సెంటర్ పని అంటే స్క్రూలు విప్పడం కాదు. అది నెల రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. లాగ్ చదివి, దాన్ని కూడా అనుమానించి, ఏది తప్పో రుజువు చేసి, అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం అసలు పని.

దానికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పాత డెస్క్‌టాప్ ఒకటి సంపాదించండి. లినక్స్ వెయ్యండి. ర్యామ్ ఒక స్లాట్ నుంచి ఇంకో స్లాట్‌కి మార్చి ఏం మారిందో లాగ్‌లో చూడండి. ప్రతిసారీ ఒక్కటే మార్చండి, మార్చింది నోట్‌బుక్‌లో రాయండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో దేవుడికి కూడా తెలీదు.

మీలో ఎవరైనా ఆల్రెడీ డేటా సెంటర్‌లో చేస్తుంటే, మీకు తగిలిన వింత ఫాల్ట్ ఏంటో కామెంట్‌లో రాయండి, కంపెనీ పేరు వద్దు. నెక్స్ట్ ఎపిసోడ్‌లో సముద్రం అడుగున కేబుల్ తెగితే ఎలా అతుకుతారో చూద్దాం. ఉంటా మరి, బై.