రెండు చక్రముల బాట



సైకిలును గూర్చి పెద్దలయెదుట ప్రసంగించుట కొందరికి వింతగా తోచవచ్చును. అది కుఱ్ఱవాండ్ర యాటవస్తువని యొకరును, మోటారు బండ్లు వచ్చిన పిమ్మట దానికి కాలము చెల్లినదని మరియొకరును తలంతురు. ఈ రెండు మాటలును సరియైనవి కావని మనవి చేయుటకే నేడీ ప్రసంగమునకు పూనుకొంటిని. మన శృంగవరపుకోట ప్రాంతమున సైకిలు చేసిన సేవ యెట్టిది, దానివలన నింకను పొందదగిన మేలెట్టిది, దానిని వాడుకొను తీరెట్టిది అను మూడు విషయములను ముచ్చటింతును.

మొదట చక్రములోని గాలి సంగతి చెప్పవలెను. ఆ గాలి మనకు ఐర్లండు దీవినుండి వచ్చినది. అదియు మన సీమవలెనే పల్లెలు, పసులు, వానలు గల దేశము. ఆ దీవి యుత్తరభాగమున బెల్ఫాస్టు నగరమందు జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడుండెను. ఆయన జన్మస్థానము స్కాట్లండు. ఆ దినములలో సైకిలు చక్రములకు గట్టి రబ్బరు పట్టీలే యుండెడివి. మూడు చక్రముల బండి త్రొక్కు తన చిన్న కుమారుడు రాతివీథులలో కుదుపులకు బాధపడుట చూచి, 1887వ సంవత్సరమున ఆయన రబ్బరు గొట్టమున గాలి నింపి, దానిపై గుడ్డ చుట్టి, చక్రమునకు బిగించెను. బండి మెత్తగా సాగుటయే కాక వడిగాను సాగెను. 1888లో ఆయన దానికి హక్కుపత్రము పొందెను. మరుసటి యేడు విలియం హ్యూమ్ అను పందెగాడు బెల్ఫాస్టులో గాలిచక్రములతో పందెములు గెలువగా, ఆ లావు చక్రములను చూచి నవ్వినవారు నోరు మూసికొనిరి. రాబర్టు విలియం థాంసన్ అను మరియొక స్కాట్లండు దేశస్థుడు 1845లోనే యిట్టి చక్రమునకు హక్కు పొందియుండెనని పిమ్మట తెలిసినది. కాని యది నాడు వాడుకలోనికి రాలేదు. వాడుకలోనికి వచ్చినది, బిడ్డ కష్టమును కన్నులార గాంచిన యొక తండ్రి పూనికవలన. ఈ మాటను పెద్దలు మనస్సున నుంచుకొన వేడెదను. మరల దీనితో పని కలదు.

ఆ దేశమున సైకిలు నేటికిని గౌరవముతో నున్నది. రైతుబిడ్డయగు షాన్ కెల్లీ 1982 మొదలు 1988 వరకు వరుసగా ఏడు మారులు ‘పారిస్–నీస్’ పందెమును గెలిచెను. డబ్లిన్ నగరమువాడగు స్టీఫెన్ రోష్ 1987వ సంవత్సరమొక్కదానియందే ఇటలీ పందెమును, ఫ్రాన్సు పందెమును, ప్రపంచ విజేత పదవిని సాధించెను. ఇది వీరుల మాట. సామాన్యుల కొరకో, వాటర్‌ఫర్డు నుండి డన్‌గార్వన్ వరకు మూతపడిన రైలుమార్గమును 46 కిలోమీటర్ల బాటగా దిద్ది 2017లో తెరచిరి. పసివారును ముదుసలులును మోటారు భయము లేక ఆ దారిని పోవుదురు.

ఇక మన దారులు. విశాఖపట్టణమునుండి అరకులోయకు పోవు బాట మన కోట మీదుగానే పోవును. బొడ్డవర వరకు నేల యించుమించు చదును. ఆపైని అనంతగిరి కొండలు. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నున్నదనిన, ఆ యెక్కుడు ఎట్టిదో తెలియగలదు. అంత దూరము పోనక్కరలేదు. తెల్లవారుజామున పుణ్యగిరి వైపు కొంత దూరము పోయినను చాలును. ప్రక్కదారిని తాటిపూడి జలాశయము చేరినచో, బొఱ్ఱా గుహలనుండి దిగివచ్చి భీమునిపట్టణము చెంత కడలిని గలియు గోస్తనీనది మనకు కనుపించును. మోటారులో పోవువానికి దారి యొక అడ్డంకి. సైకిలుపై పోవువానికి దారియే విందు. మామిడిపూత వాసన, పొలమున నీరు పారు చప్పుడు, గట్టుపై నిలిచిన తెలిసినవాని పలుకరింపు, ఇవన్నియు అతనికే దక్కును.

పాత సంగతులు పెద్దలకు జ్ఞప్తియందుండును. పెండ్లిలో అలకపాన్పుపై కూర్చుండిన అల్లుడు సైకిలు కావలెనని బిగదీసికొనిన దినములు గలవు. గంటకింతయని అద్దె యిచ్చి బండి తెచ్చుకొని, సీటునకు కాలందక, అడ్డకమ్మి క్రిందినుండి కాలు దూర్చి సగము త్రొక్కుడు త్రొక్కుచు నేర్చుకొనినవారు మనలో నెందరో యున్నారు. ఉత్తరములు తెచ్చిన తపాలా బంట్రోతు, పాలబిందెలు కట్టుకొని పోయిన గొల్లవాడు, బట్టల మూటతో ఊరూర తిరిగిన వర్తకుడు, పొరుగూరినుండి వచ్చి చదువు చెప్పిన పంతులుగారు, వీరందరి జీవనమును రెండు చక్రములమీదనే నడచినది. రాత్రివేళ దీపము లేకున్న పోలీసువాడు ఆపు భయముచే, కిరసనాయిలు దీపమార్పక నడిపించుకొని వచ్చినవారును గలరు.

కాని జ్ఞాపకములతో కడుపు నిండదు. నేడు సైకిలు కావలసినది ముఖ్యముగా బడికి పోవు బాలికలకు. ఊరి బడి ముగిసిన తరువాత హైస్కూలు ఐదు కిలోమీటర్ల దూరముననున్నదనుకొందము. నడచిన గంట పట్టును. సైకిలుపై నిరువది నిమిషములు. రాకపోకలకు కలిపి దినమునకు 80 నిమిషములు మిగులును. ఏడాదికి 200 బడి దినములనిన, 266 గంటలకు పైబడిన కాలము! ఈ కాలము లేకపోవుటచేతనే పిల్ల చీకటిపడి యిల్లు చేరుట, తల్లి భయపడుట, తండ్రి ‘ఇక చాలు’ననుట జరుగుచున్నవి.

బీహారు రాష్ట్రమున 2006లో హైస్కూలు బాలికలకు సైకిళ్లిచ్చు పథకము మొదలుపెట్టిరి. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అను ఆర్థికశాస్త్రవేత్తలు దాని ఫలితమును పరిశీలించి, తగిన వయస్సున హైస్కూలులో చేరు బాలికల సంఖ్య సుమారు 30 శాతము పెరిగినదనియు, బడి దూరమైన ఊళ్లలో మేలు హెచ్చుగా కలిగినదనియు తేల్చిరి. తమిళదేశమున పుదుక్కోట జిల్లాలో 1990వ దశాబ్దారంభమున అక్షరాస్యతా ఉద్యమముతోపాటు వేలకొలది పల్లెటూరి స్త్రీలు సైకిలు నేర్చిరి. నీళ్లకును, సంతకును, ఆసుపత్రికిని ఒకరి తోడు కొరకు కాచుకొను పని వారికి తప్పినది. మన రాష్ట్రమునను ‘బడికొస్తా’ అను పథకముక్రింద బాలికలకు సైకిళ్లిచ్చిరి. అయినను ఇచ్చిన బండి అటకపైకెక్కునో బాటకెక్కునో నిర్ణయించునది ఇంటి పెద్ద. ‘ఆడపిల్ల సైకిలెక్కుటయా?’ అని తాతగారొక్క మాటనిన పిల్ల చదువు అక్కడితో నిలిచిపోవును. ‘పోయిరా తల్లీ’ యనిన సాగును. డన్‌లప్ తన బిడ్డ కష్టము చూచినట్లు మనము మన బిడ్డ దూరమును చూడవలెనని నా మనవి.

అయితే బండి యిచ్చి ఊరకుండుట తగదు. దానిని వాడుకొను తీరును కూడ నేర్పవలెను. రేపు పెరుగునుగదాయని పిల్లకు మించిన బండి కొనకుడు. సీటుపై కూర్చుండి, త్రొక్కుడు క్రిందికి వచ్చినప్పుడు దానిపై మడమ నుంచిన కాలు చక్కగా చాగవలెను; నిలిపినప్పుడు కాలివేళ్లు నేలనంటవలెను. గాలి తక్కువైన త్రొక్కుట కష్టము, ట్యూబు నలిగి చిల్లిపడును. బొటనవ్రేలితో టైరు నొక్కిచూచుట ప్రతి సోమవారమును జరుగవలెను. గొలుసునకు ఆముదము పోయకుడు. అది జిగురై దుమ్ము పట్టును. గుడ్డతో తుడిచి, పలుచని యంత్రపు నూనె చుక్కచుక్కగా వేయుడు. పంక్చరు పడిన ట్యూబును నీళ్ల పళ్లెములో ముంచి బుడగలు వచ్చు చోటు కనుగొని, గరుకుకాగితముతో రుద్ది, జిగురు రాసి, అది కొంచె మారిన పిమ్మటనే అతుకు వేయవలెను. అంతకుముందు టైరు లోపల జాగ్రత్తగా తడవి తుమ్మముల్లు తీసివేయవలెను. లేనిచో అతుకు వేసిన పూటనే మరల చిల్లి పడును. ఈ పని ఆడపిల్లకును నేర్పుడు. బాటలో ఒంటరిగా నిలిచిపోవు భయము దానితో సగము తీరును.

ఘాటుదారి సంగతి వేరు. ఎక్కునప్పుడు ఊపిరి పోవును. దిగునప్పుడు ప్రాణమే పోవచ్చును. దిగుటకు ముందు రెండు బ్రేకులను, వాని రబ్బరు ముక్కలను చూడవలెను. ముందు బ్రేకు ఒక్కదానినే గట్టిగా పట్టిన బండి తలక్రిందులగును. రెంటిని కలిపి, పట్టుచు విడుచుచు మెల్లగా దిగవలెను. వానకు తడిసిన చక్రమున బ్రేకు వెంటనే పట్టదు గనుక మలుపునకు చాల ముందే వేగము తగ్గించుకొనవలెను. ఎడమ ప్రక్కనే పోవుట, తలకు శిరస్త్రాణము, వెనుక ఎఱ్ఱని దీపము లేక మెఱయు బిళ్ల తప్పనిసరి. సెలవు దినములలో అరకు పోవు మోటారుల రద్దీ హెచ్చు గనుక పిల్లల నాదారిని పంపకుండుట మేలు. వృద్ధులు త్రొక్కదలచిన, గుండెజబ్బు గలవారు వైద్యుని యనుమతి పొంది, చదును దారిని, తెల్లవారుజామున, భోజనమునకు ముందు త్రొక్కవలెను.

తుదకు పంచాయతీ పెద్దలకొక మాట. ఊరినుండి హైస్కూలు వరకు బాట యంచుననున్న ముళ్లకంపను ఏడాదికి రెండు మారులు కొట్టించుడు. బడియెదుట వేగమునకడ్డుకట్ట వేయించుడు. బడిలో గాలిపంపు ఒకటి, అతుకు సామాను పెట్టె యొకటి యుంచుడు. పిల్లలను జట్టుగా పంపుడు. ఇవి పెద్ద ఖర్చు పనులు కావు. ఒక్క పంపు ధరతో ఊరి పిల్లలందరి చక్రములును నిండును. ఆ చక్రములు ఎటు తిరుగవలెనో చెప్పువారు మీరు. అవి బడివైపు తిరుగునుగాక.