గిట్టుబాటు లెక్క: ఎంత సూక్ష్మముగా వ్రాయవలెను?
(బొబ్బిలి మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, ఐకమత్యమును గూర్చియు పెద్దలు మనకు హితవు గఱపిరి. మాకు నియమింపబడిన విషయము అంత మనోహరమైనది కాదు. అది జమాఖర్చుల విషయము. అయినను ఉలి పట్టిన చేతికి కూలి దక్కునా దక్కదా యనునది దీనిపైననే ఆధారపడి యున్నది. కావున కొంతసేపు ఓపికతో ఆలకింప ప్రార్థించుచున్నాము.

బొబ్బిలి యనగానే లోకులకు రెండు తలంపునకు వచ్చును: 1757 జనవరి 24వ తేదీన జరిగిన యుద్ధ మొకటి, వీణ మఱియొకటి. గొల్లపల్లియందు సర్వసిద్ధి వారి కుటుంబములు పనసమ్రానును తొలిచి, కుండయు దండియు ఒకే కొయ్యనుండి వెలువరించు ఏకాండి వీణకు భౌగోళిక గుర్తింపు సయితము లభించినది. ఇరువదినాలుగు మెట్లును ఏడు తీగెలును గల పెద్ద వీణతోపాటు, సభలలో జ్ఞాపికలుగా నిచ్చుటకు చిన్న వీణలును ఇచట తయారగుచున్నవి. పూర్వము కొనువాడు వాకిటికి వచ్చి, చేతితో తాకి చూచి, సొమ్మిచ్చి కొనిపోవుచుండెను. నేడో, బెంగుళూరులోనున్న కొనుగోలుదారు సెల్‌ఫోనులో బొమ్మ చూచి, ఇంటికే తెప్పించుకొనగలుగుచున్నాడు. ఇది మేలే. కాని నాటి బేరములో లేని ఖర్చులు నేటి బేరములో జొరబడినవి. పెట్టె, కొరియరు, అమ్మకపు వేదికవారి కమీషను, తిరిగివచ్చిన సరకు, విఱిగిన సరకు — ఇవి యన్నియు అసలు ధరలో భాగములే.

ఈ ఖర్చులను ఎంత వివరముగా వ్రాయవలెను? ఇందు మనవారిలో రెండు విధములవారు కనబడుచున్నారు. పెద్దలు కొందఱు కొయ్య వెలయు రంగు వెలయు మాత్రమే తలచుకొని, మిగిలినదంతయు లాభమని సంతోషింతురు. తమ రెక్కల కష్టమును ఖర్చులో చేర్చరు. కంప్యూటరు నేర్చిన పిల్లలు కొందఱు అందుకు విరుద్ధముగా గరుకుకాగితపు ముక్కకును, జిగురు చుక్కకును వేఱువేఱు పద్దులు పెట్టి, రెండు నెలలు వ్రాసి, విసిగి, మూడవనెలలో పుస్తకమునే మూసివేయుదురు. మొదటివారికి నష్టము కనబడదు. రెండవవారికి కనబడినను, ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియదు.

ఒక దృష్టాంతము చెప్పెదము. అంకెలు మేము ఊహించినవే. ఎవరివి వారు తమ పుస్తకమునుండి వేసికొనవచ్చును. చిన్న వీణ యొకటి 2,000 రూపాయలకు అమ్ముడగుచున్న దనుకొందము. కొయ్య 400, రెండు దినముల కూలి, దినమునకు 500 చొప్పున 1,000, రంగు, వార్నిషు, తీగెలు 60. తయారీ ఖర్చు 1,460. అటుపై పెట్టె 90, కొరియరు 180, కమీషను 240. మొత్తము 1,970. మిగులు ముప్పది రూపాయలు. కూలి యెటులను చేరినది గదా, చాలును అని తలంతుము.

ఇప్పుడు ఇరువది వీణలు పంపగా ఒకటి దారిలో విఱిగి తిరిగివచ్చిన దనుకొందము. కమీషను మనకు మరల వచ్చినను, తయారీ 1,460, పెట్టె 90, పోవు కొరియరు 180, వచ్చు కొరియరు 180, వెరసి 1,910 రూపాయలు నష్టము. తక్కిన పందొమ్మిదింటిపై మిగులు 570 మాత్రమే. అనగా ఇరువదింటిపై నికరనష్టము 1,340. నలువది దినముల కూలి 20,000 రావలసినచోట 18,660 మాత్రమే చేతికి వచ్చినది. దినకూలి 500 గాక 466 రూపాయల చిల్లర యైనది. ఆ కొఱత ఎవరి కడుపులోనుండి పోయినదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇందు గమనింపదగిన దేమనగా — వార్నిషును గ్రాములతో తూచి వ్రాసి, వీణకు ఐదు రూపాయలు మిగిల్చినను ఇరువదింటికి నూఱు రూపాయలే. విఱిగినవాటిని మాత్రము వ్రాసియుండినచో, పెట్టెలో ముప్పది రూపాయల మెత్త యదనముగా పెట్టవలెనను బుద్ధి పుట్టెడిది. దాని ఖర్చు ఇరువదింటికి 600. అందువలన ఒక్కటియు విఱుగనిచో, ఇరువదింటిపై మిగులును 600 గావున చెల్లునకు చెల్లగును. కూలి పూర్తిగా దక్కును. కావున ప్రశ్న యెన్ని పద్దులు వ్రాసితిమని కాదు; ఏ పద్దు మన నిర్ణయమును మార్చునని. ధరను గాని, పరిమాణమును గాని, అమ్ముచోటును గాని మార్పజాలని వివరమును విడిగా వ్రాయ నక్కఱలేదు. మార్పగల వివరమును విడువరాదు. మేము చెప్పవచ్చినది ఈ యొక్క మాటయే.

దీనినిబట్టి పెద్ద వీణకు ఒక పద్ధతియు, చిన్న వీణకు మఱొక పద్ధతియు ఏర్పడును. పెద్ద వీణ ఒక్కొక్కటి ఒక్కొక్క విద్వాంసుని కోరికపై తయారగును. దేని కొయ్య దానిదే, దేని పనిదినములు దానివే. కావున ఒక్కొక్క వీణకు ఒక్కొక్క కాగితము పెట్టి, కొయ్య వెల, పనిదినములు, మెట్లు కట్టుటకైన మైనము మొదలైన ఖర్చులు, శ్రుతి సరిచేయుటకైన కాలము వ్రాయవలెను. చిన్న వీణ లట్లు కాదు. ఒక దూలమునుండి పదులకొలది వెలువడును. వీనికి దఫాకు ఒక లెక్క చాలును: ఈ దూలము ఖరీదెంత, ఎన్ని వీణలు వచ్చినవి, ఎందఱు ఎన్ని దినములు చేసిరి? భాగించినచో ఒక్కొక్కదానికి సరాసరి వచ్చును. చీలి పనికిరాకుండ పోయినవాటి ఖర్చు, మిగిలిన మంచివాటిపై పడవలెను.

షెడ్డు అద్దె, విద్యుత్తు, ఫోను, పనిముట్ల సాన మొదలైనవి ఏ వీణకును ప్రత్యేకముగా చెందవు. వీనిని నెల కొకసారి మొత్తముగా వ్రాసి, ఆ నెల వీణలపై పంచిన చాలును. ఇంగ్లండునందలి స్టాఫర్డ్‌షైరు కుమ్మరి జోసయా వెడ్జ్‌వుడ్డు 1772లో వ్యాపారము మందగించినప్పుడు తన ఖర్చులను శోధించి, కొన్ని ఖర్చులు సరకు ఎక్కువ చేసినను తక్కువ చేసినను ఇంచుమించు మాఱకుండ నడచుచునే యుండునని గ్రహించెను. ఆ శోధనలోనే తన గుమాస్తాల మోసమును బయటపడినది. ఆయనయు మనవలె చేతిపనివాడే. షెడ్డు అద్దె నెలకు 3,000 అయినచో, ముప్పది వీణలు చేసిన నెలలో ఒక్కొక్కదానిపై నూఱు రూపాయలు, పది మాత్రమే చేసిన నెలలో మున్నూఱు పడును. మనము పైన వేసిన లెక్కలో ఈ యద్దె చేరనే లేదని గమనింపుడు.

ఇక కొరియరు. అనేక సంస్థలు బరువును మాత్రమే చూడవు. పెట్టె పొడవును, వెడల్పును, ఎత్తును సెంటీమీటర్లలో హెచ్చించి, 5,000చేత భాగించి, వచ్చిన దానిని కిలోలుగా నెంచి, అసలు బరువుతో పోల్చి, ఏది యెక్కువో దానికి రుసుము వేయుదురు. 60, 20, 20 సెంటీమీటర్ల పెట్టె లోపల కిలోన్నర వీణ యున్నను 4.8 కిలోలుగా లెక్కకు వచ్చును. దానిని 55, 18, 18కి తగ్గించినచో 3.56 కిలోలగును. కావున పెట్టె కొలతలు తప్పక వ్రాయదగిన వివరము. మెత్త దట్టముగా నుండవలెను గాని, పెట్టెను ఉబ్బింపరాదు.

తయారీ ఖర్చును, అమ్మకపు ఖర్చును ఒకే పద్దులో కలుపరాదు. వాకిట అమ్మినదానికి కొరియరు లేదు, కమీషను లేదు. రెండును కలిపినచో ఏ దారి లాభమో తేలదు. ప్రభుత్వ నియమములును మాఱుచుండును. 2023 అక్టోబరు 1 నుండి, జి.ఎస్.టి. నమోదు లేని చిన్న విక్రేతలు కొన్ని నిబంధనలకు లోబడి తమ రాష్ట్రములోపల ఆన్‌లైనునందు సరకు అమ్ముకొనుటకు వీలు గలిగింపబడినది. మన సరకునకు ఏ నియమము వర్తించునో తెలిసినవారి నడిగి, ఆ సలహాకైన ఖర్చును గూడ నెలపద్దులో వేయవలెను.

పోషక మహాశయులకు ఒక విన్నపము. జ్ఞాపికలు వందలకొలది కావలసి వచ్చినప్పుడు ధర తగ్గింపుమని అడుగుట సహజము. కాని దూలము వెల తగ్గదు, పనిదినములు తగ్గవు. తగ్గునది కూలి యొక్కటే. ముందుగా చెప్పి, కొంత బయానా ఇచ్చినచో, కొయ్య ఒక్కమాఱు కొని, పెట్టెలు ఒక్కమాఱు చేయించి, ఎవరి కూలియు తెగకుండ ధర తగ్గింపవచ్చును. అదియే నిజమైన పోషణము.

సోదరులారా! మన పిల్లలు ఉలి విడిచి విశాఖపట్టణమునకును హైదరాబాదునకును పోవుచున్నారని విచారించుచున్నాము. తండ్రి దినకూలి యెంతయో లెక్కలో కనబడని యింట, కొడుకు ఆ వృత్తి నేల చేపట్టును? ఇంటి కొక పుస్తకము, అందు నాలుగు పద్దులు: కొయ్య, పనిదినములు, పంపిన ఖర్చు, తిరిగివచ్చినవి. తక్కినవన్నియు నెలకు ఒక వరుస. చదువుకొన్న ఆడపిల్లయో మగపిల్లవాడో సాయంకాలము పావుగంట కూర్చున్నచో తీరు పని యిది. రాబోవు మహాసభ నాటికి ఈ పుస్తకములతో వచ్చి, ఏ వీణకు ఎంత కూలి దక్కినదో ఒకరి కొకరు చెప్పుకొనగలిగినచో మన ఈ సమావేశము సార్థకమగును.