కొండలున్నవన్న ధీమా

(శతవార్షికోత్సవ కూటములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవమనగానే మనకు లెక్కలు జ్ఞాపకమునకు వచ్చును. ఎన్ని సంఘములు, ఎన్ని ఆలయములు, ఎన్ని బడులు అని వ్రాసుకొందుము. కృతజ్ఞతతో లెక్కించుట మంచిదే. కాని ఆ లెక్కలోనే ఒక అపాయము పొంచియున్నది.

విశాఖపట్నములో నివసించు మనకు ఒక ధీమా ఉండెడిది. "ఒకప్రక్క డాల్ఫిన్స్ నోస్, మరొకప్రక్క కైలాసగిరి. ఈ కొండలుండగా తుపాను మన ఊరిని ఏమియు చేయజాలదు" అని చెప్పుకొనుచుంటిమి. 2014 అక్టోబరు 12వ తేది ఆదివారమున ఆ మాట చెల్లలేదు. హుద్‌హుద్ తుపాను గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో మన తీరమును తాకెను. విమానాశ్రయపు పైకప్పు చెదరెను. కరెంటు పోయి ఉక్కు కర్మాగారములో పని నిలిచెను. మా సంఘములో ఆ ఉదయము ఆరాధన గంట మ్రోగలేదు.

ఆ దినమున నడుమ గాలి నెమ్మదించెను. గండము గడచినదనుకొని మనలో కొందరము తలుపులు తీసి వీధిలోనికి వచ్చితిమి. అది తుపాను కన్ను మాత్రమే. కొంతసేపటికి గాలి దిక్కు మార్చుకొని మరల విరుచుకుపడెను.

హెచ్చరికలు మనకు కొన్ని దినముల ముందే అందినవి. అయినను "దేవుడే చూచుకొనును" అని నీళ్లైనను నిలువ చేసుకొననివారము మనలో ఉంటిమి. దానిని విశ్వాసమనుకొంటిమి. అది విశ్వాసము కాదు, ధీమా. దేవాలయ శిఖరమునుండి దుముకుమని సాతాను ప్రభువును శోధించినది ఇట్టి ధీమాతోనే. సముద్రమును ప్రతిదినము చూచు జాలరి హెచ్చరిక విని పడవను పైకి లాగి కట్టును. సముద్రము తనకంటె గొప్పదని అతడెరుగును. విధేయత గలవానికే జాగ్రత్తయు కలుగును.

పేతురును జ్ఞాపకము చేసికొనుడి. అందరు విడిచిపోయినను తాను విడువనని అతడు పలికినప్పుడు అబద్ధమాడలేదు. ప్రభువుపై అతనికి నిజమైన ప్రేమ కలదు. కాని మెలకువగా నుండి ప్రార్థింపుమన్న గడియలో నిద్రపోయెను. తెల్లవారకముందే ఒక పనికత్తె ప్రశ్నకు వెరచెను. ప్రేమ కొరత కాదు అతని పతనమునకు కారణము; తన ప్రేమమీదనే తాను ఆనుకొనుట.

మన పట్టణ చరిత్రయే మరియొక పాఠము నేర్పుచున్నది. 1805లో లండన్ మిషను సేవకులు జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ ఇచ్చటికి వచ్చిరి. తెలుగు నేర్చి, ఆనందరాయరు సహాయముతో సువార్తల అనువాదమునకు పూనుకొనిరి. 1809లో క్రాన్, 1810లో డెస్‌గ్రాంజెస్ కన్నుమూసిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చయినవి. ఆ పుస్తకమును వారిరువురిలో ఒక్కరైనను చేత పట్టలేదు. తరువాత ప్రిట్చెట్ గారు ఆ పని కొనసాగింపగా, 1818లో క్రొత్త నిబంధన వెలువడెను. పని మనదైనచో మనతోనే ముగియును. దేవునిదైనచో మన సమాధుల మీదుగా కూడ సాగిపోవును.

అట్లని చేతులు ముడుచుకొని కూర్చుండుట దేవునిపై ఆనుకొనుట కాదు. మన రేవునకు వచ్చు ఓడను చూడుడి. మహాసముద్రములు దాటిన కెప్టెన్ సైతము డాల్ఫిన్స్ నోస్ ప్రక్కనున్న ఇరుకు కాలువలో ప్రవేశించునప్పుడు రేవు పైలటును ఓడపైకి ఎక్కించుకొనును. అందువలన అతనికి అవమానము లేదు. పైలటు దారి చూపుచుండగా ఓడలో ప్రతివాడును తన స్థానములో తన పని చేయుచునే యుండును.

ఈ ఉత్సవము మనకు గాలి నెమ్మదించిన గడియ. గండములన్నియు గడచినవని తలంపవద్దు. మన కమిటీలలో తీర్మానము వ్రాసిన పిమ్మట ప్రార్థించుట మాని, ముందుగానే ప్రార్థింతము. మనలను హెచ్చరించువారిని విరోధులుగా ఎంచక వారి మాట విందము. నూరేండ్లు మనము సంఘమును నిలిపితిమని కాక, నూరేండ్లు ప్రభువు మనలను నిలిపెనని మన పిల్లలకు చెప్పుదము.

అట్టి దీనమనస్సు ప్రభువు మనకందరికి అనుగ్రహించును గాక. ఆమేన్.