అడగడానికి మొహమాటం వద్దు

 

2025 జనవరి 7న లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఆల్టడీనా మీదికి కొండల నుంచి కార్చిచ్చు దిగింది. 9 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. అక్కడి మస్జిద్ అల్ తఖ్వా కూడా బూడిదైంది. ఊరి పడమటి వైపు ఖాళీ చేయమన్న ఆదేశం తెల్లవారుజామున 3 దాటాక గాని రాలేదు. చనిపోయినవారు దాదాపు అందరూ ఆ వైపువారే, ఎక్కువమంది వృద్ధులు.

మా చెల్లెలి కొడుకు భార్యాబిడ్డలతో బయటపడ్డాడు. కాని వీసా మీద ఉన్నవాళ్లను శిబిరంలోకి రానివ్వరేమోనని రెండు రాత్రులు కారులోనే పడుకున్నారు. ఆ భయం అక్కర్లేదు. ఆశ్రయం, భోజనం ఎవరికైనా ఇస్తారు. ఫెమా అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే నగదు సాయం హెచ్-1బి వారికి రాదు గాని, అక్కడ పుట్టిన బిడ్డ ఉంటే ఆ బిడ్డ తరఫున దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మీ పిల్లలు అక్కడుంటే ఈ రాత్రే ఫోన్ చేసి చెప్పండి. పాస్‌పోర్టులు, మందులు, కళ్లజోళ్లు, ఎన్-95 మాస్కులు ఒకే సంచిలో పెట్టి తలుపు దగ్గర ఉంచుకోవాలి. మంట దగ్గరపడుతోందనిపిస్తే ఆదేశం కోసం కాచుకోకుండా బయలుదేరాలి. కారు లేని పక్కింటి ముసలివాళ్ల తలుపు తట్టాలి. ప్రాణాపాయమైతే 911, సాయం వివరాలకు 211. అధికారులు చెప్పేదాకా ఇంటికి తిరిగి వెళ్లకూడదు. ఆ బూడిద విషం, పసిపిల్లలను దాని దగ్గరికి పోనివ్వకూడదు.

ఇవ్వడం మన పిల్లలకు నేర్పాం. ఆపదలో అడగడం కూడా నేర్పుదాం. ఖుదా హాఫిజ్.