'మిస్ మేరీ' – నౌకరీ కోసం ఆడిన పెండ్లి

(జగిత్యాలలో విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



పాత సినిమా ఒకదాని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. నేను 1957 నాటి హిందీ చిత్రం 'మిస్ మేరీ'ని ఎన్నుకున్నాను. 1955లో వచ్చిన మన 'మిస్సమ్మ'కు అది హిందీ రూపం. రెంటికీ దర్శకులు ఎల్.వి.ప్రసాద్ గారే. 1931లో తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లో చిన్న వేషం వేసిన తెలుగువారు ఆయన. వారికి 1982 సంవత్సరపు ఫాల్కే అవార్డు వచ్చింది. 1980 అవార్డు మన కరీంనగర్ బిడ్డ పైడి జైరాజ్ గారిది. ఈ సంగతి మన మనుమలకు చెప్పుకోదగ్గది.

తెలుగులో రామారావు, సావిత్రి. హిందీలో జెమినీ గణేశన్, మీనాకుమారి. నాగేశ్వరరావు గారి డిటెక్టివ్ వేషం కిశోర్ కుమార్ కట్టాడు. జమున గారు మాత్రం రెండింటా ఉన్నారు. హిందీకి సంగీతం హేమంత్ కుమార్‌దే అయినా, బృందావనం పాటకు మన రాజేశ్వరరావు గారి వరసే ఉంచారు. ఉర్దూలో చదువుకున్న మన అన్నల తరానికి ఈ హిందీ పరాయి భాష కాదు.

కథ మీకు తెలిసిందే. జమీందారు గారి బడికి టీచర్లు కావాలి. భార్యాభర్తలై ఉండాలని షరతు. నౌకరీ లేని ఇద్దరు, ఆమె క్రైస్తవురాలు, అతడు హిందువు, ఆలుమగలమని చెప్పి చేరుతారు. ఆ అబద్ధం చుట్టూ నవ్వులన్నీ పుట్టి, చివరకు అదే నిజమవుతుంది. మనం నవ్వుతామే గాని, ఆ నవ్వుకు అడుగున ఉన్నది నిరుద్యోగం.

ఆ జమీందారు జంటగా రమ్మన్నాడు. మన ప్రాంతానికి నౌకరీ ఎప్పుడూ అట్లా చెప్పలేదు. సిరిసిల్ల సాంచాల మనిషి భివండికి పోయినా, కోరుట్ల, జగిత్యాల పిల్లలు దుబాయికి పోయినా భార్యను ఇంట్లో విడిచే పోవలసి వచ్చింది. ఆమె బీడీలు చుట్టి సంసారం ఈదింది. గుమస్తాగిరీ చేసిన మనకు కూడా బదిలీ అయిన ప్రతిసారీ ఇదే చిక్కు.

ఇక దఫ్తరు మనిషిగా ఒక మాట. సినిమాలో పెండ్లి కాకున్నా కాగితం మీద దంపతులయ్యారు. మనలో కొందరిండ్లలో దీనికి తలక్రిందులు. యాభై ఏండ్లు కాపురం చేసిన ఇల్లాలు, భర్త పోయిన తర్వాత తాను భార్యనని రుజువు చేసుకోవలసి వస్తున్నది. ఇంట్లో లచ్చవ్వ, సర్వీసు రిజిస్టరులో లక్ష్మి, ఆధార్‌లో రాజలక్ష్మి. ముగ్గురూ ఒక్కరేనని ట్రెజరీకి ఎట్లా తెలుస్తుంది? సినిమాలో తప్పిపోయిన కూతురిని కాలి మీది పుట్టుమచ్చ పట్టి ఇచ్చింది. మన పెన్షను కాగితాల్లోనూ పుట్టుమచ్చల కాలం ఉన్నది, జంట ఫోటో ఉన్నది. కాని పేరు కలవకపోతే పుట్టుమచ్చ ఒక్కటీ ఫైలును కదిలించదు. ఫ్యామిలీ పెన్షను ఆగిన ఇంట్లో మందుల ఖర్చు ఆగదు కదా!

కాబట్టి నా విన్నపం ఒక్కటే. ఈ రాత్రి ఇంటికి పోగానే పెన్షను ఆర్డరు, ఆధార్, బ్యాంకు పుస్తకం ముందు పెట్టుకొని, ఇద్దరూ కూర్చొని పేర్లు, పుట్టిన తేదీలు సరిచూసుకోండి. తేడా ఉంటే, దస్తఖతు చేయగలిగిన ఇప్పుడే దిద్దించుకోండి. ఆ కాగితాలు ఎక్కడున్నవో ఇల్లాలికి చూపించండి. మన సంఘంలో రాయగలిగినవారు రాయలేనివారికి తోడుండాలి.

ఆ పని ముగించి, మనుమలను అడిగితే సెల్‌ఫోనులో 'మిస్ మేరీ' పెట్టి ఇస్తారు. ఇద్దరూ కలిసి చూడండి.